కనబడిన తప్పుల మీద పందెం: 2017లో కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్‌ని ఎలా ఎంచుకుంది

2017 ఏప్రిల్ 27 రాత్రి ఫిలడెల్ఫియాలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్ నడుస్తోంది. డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడం, ఆ వంతునే పిక్ అంటారు. పదో పిక్ బఫెలో బిల్స్‌ది. ఆ వంతు రాగానే అది చేతులు మారింది. కాన్సాస్ సిటీ చీఫ్స్ తమ 27వ పిక్‌నీ, మూడో రౌండ్‌లోని 91వ పిక్‌నీ, మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్‌నీ బఫెలోకి ఇచ్చి ఆ పదో స్థానం తీసుకున్నారు. దాంతో టెక్సస్ టెక్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్‌ని ఎంచుకున్నారు. 1983లో టాడ్ బ్లాక్‌లెడ్జ్ తరవాత ఆ టీమ్ మొదటి రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోవడం అదే మొదటిసారి.

ఆ తరవాత జరిగింది అందరికీ తెలిసిందే. మూడు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాలు, రెండుసార్లు లీగ్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడి అవార్డు. ఇప్పుడు వెనక్కి చూసి "వాళ్లకి ముందే తెలుసు" అనడం తేలిక. కానీ ఆ రాత్రి టేబుల్ మీదున్న సమాచారం ఇంత సాఫీగా లేదు. కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ల టేప్, అంటే మ్యాచ్ వీడియో, చూసి, దానికి ఆట డేటా కలిపి మదింపు రిపోర్టులు రాయడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి మొదట చెప్పే కేసు ఇదే. లోపలి రహస్యాలేవీ ఇందులో లేవు, అన్నీ బయటికి వచ్చిన సంగతులే. వాటిని ఏ వరసలో చదవాలన్నదే నా వంతు.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. మన దగ్గర ఫుట్‌బాల్ అంటే సాకర్. ఇది అమెరికన్ ఫుట్‌బాల్. ఇందులో ఆట ప్లేలుగా, అంటే ముందే అనుకున్న చిన్న చిన్న ఎత్తుగడలుగా, ఆగి ఆగి నడుస్తుంది. ఒక ప్లేకీ ఇంకో ప్లేకీ మధ్య గడియారంలో 40 సెకన్లు ఉంటాయి. కోచ్ హెల్మెట్‌లోని రేడియో ద్వారా ప్లే పేరు చెబుతాడు. గడియారం 15 సెకన్లకి రాగానే ఆ రేడియో ఆగిపోతుంది. అక్కణ్నుంచి భారమంతా క్వార్టర్‌బ్యాక్‌దే. ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చదవాలి, తన ముందున్న లైన్‌మెన్ ఎవరిని ఆపాలో సర్దాలి, అవసరమైతే ప్లేనే మార్చాలి. బంతి చేతికొచ్చాక అటూ ఇటూ మూడు సెకన్లు. ఆలోపు మొదటి రిసీవర్ (పాస్ అందుకునేవాడు), రెండోవాడు, మూడోవాడు, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసరాలి. ఈలోగా నూట ముప్ఫై కిలోల మనుషులు మీదికొస్తుంటారు. మైదానంలో మిగతా స్థానాలన్నిటినీ శరీర కొలతలతో చాలావరకు అంచనా వెయ్యొచ్చు. ఈ ఒక్కటి అలా లొంగదు.

డ్రాఫ్ట్ పద్ధతి ఐపీఎల్ వేలం లాంటిది కాదు. వేలంలో డబ్బున్నవాడు పాట పెంచుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఉన్నది క్యూ. నిరుడు చివర్న నిలిచిన టీమ్ ఈ ఏడు ముందు ఎంచుకుంటుంది, 32 టీములు, ఏడు రౌండ్లు. ముందుకి జరగాలంటే డబ్బు చెల్లదు, మన వంతుల్ని వదులుకోవాలి. ఇక జీతం ఎన్నో పిక్‌గా ఎంపికయ్యాడన్నదాన్ని బట్టి దాదాపు ఖాయమైపోతుంది. 2011 కార్మిక ఒప్పందానికి ముందు ఇలా లేదు. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు, అందులో 5 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి 2.2 కోట్లు. ఈ మార్పు ఎంత పెద్దదో చీఫ్స్ లెక్కలోనే కనిపిస్తుంది. అప్పటికి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆలెక్స్ స్మిత్ కాంట్రాక్టు నాలుగేళ్లకి 6.8 కోట్లు, అంటే ఏడాదికి సగటున 1.7 కోట్లు. మహోమ్స్ నాలుగేళ్ల కాంట్రాక్టు మొత్తం కలిపి 1.64 కోట్లు. జీతాల మీద కట్టుదిట్టమైన పరిమితి ఉన్న లీగ్‌లో, తక్కువ జీతానికి మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే మిగిలిన డబ్బంతా డిఫెన్స్‌కీ లైన్‌కీ పెట్టుకోవచ్చు. అందుకే ఈ స్థానం కోసం టీములు ఆస్తులు అమ్ముకున్నట్టు పిక్‌లు అమ్ముకుంటాయి.

అలా అమ్ముకోవడం చాలాసార్లు నష్టమే. రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే ఇద్దరు పరిశోధకులు చాలా ఏళ్ల డ్రాఫ్ట్‌లు తిరగేసి చూశారు. మైదానంలో ఒక స్థానానికి ముందు ఎంపికైనవాడు, అదే స్థానానికి తన వెనకే ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం సగానికి కాస్తే ఎక్కువని వాళ్లకి తేలింది. బొమ్మా బొరుసా వేసినదానికి అతి దగ్గర. అయినా ఆ కాస్త తేడా కోసం టీములు భారీ ధర కడుతూనే ఉన్నాయి. ఈ కేసులో చికాగో చేసింది సరిగ్గా అదే. ఆ సంగతి తరవాత.

ముగ్గురు అభ్యర్థులు

ఆ ఏడాది మొదటి రౌండ్‌లో పోయిన క్వార్టర్‌బ్యాక్‌లు ముగ్గురు. నార్త్ కరోలైనా నుంచి మిచ్ ట్రుబిస్కీ, టెక్సస్ టెక్ నుంచి మహోమ్స్, క్లెమ్సన్ నుంచి డిషాన్ వాట్సన్.

వాట్సన్ రికార్డు కళ్లు చెదిరేది. ఆ జనవరిలోనే అలబామాని 35-31తో ఓడించి జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అతని మీద ఉన్న ఫిర్యాదులు రెండు. చివరి సీజన్‌లో 17 ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటి టీమ్ పట్టేసిన పాసులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ పరీక్షల్లో అతని త్రో వేగం గంటకి 49 మైళ్లుగా నమోదైంది. అదే పరీక్షలో మహోమ్స్‌ది 60. అంతకుముందు అంతకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు. ఆ 49 చూసి కొందరు వాట్సన్ చెయ్యి చాలదన్నారు. మ్యాచ్‌లో అలబామా లాంటి డిఫెన్స్ మీద అదే చెయ్యి ఏం చేసిందో చూశాక కూడా అన్నారు.

ట్రుబిస్కీ కాలేజీలో రెండేళ్లు బెంచి మీదున్నాడు. ఒక్క సీజన్, 13 మ్యాచ్‌లు మాత్రమే స్టార్ట్ చేశాడు, అంటే మొదటినుంచీ ఆడాడు. ఆ 13లో అంకెలు చక్కగా ఉన్నాయి. 68 శాతం పాసులు చేరాయి, 30 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించడం), 6 ఇంటర్‌సెప్షన్లు. పొడవు, చెయ్యి, నడక, కాళ్ల పొందిక అన్నీ పుస్తకంలో రాసినట్టు ఉంటాయి. ముగ్గురిలోనూ "శుభ్రమైన" ఆటగాడు ఇతనే.

మహోమ్స్ టేప్‌లో ఆ శుభ్రత మచ్చుకైనా లేదు.

టెక్సస్ టెక్ ఆడేది ఎయిర్ రెయిడ్ అనే పద్ధతి. రిసీవర్లని మైదానం అంతా పరిచి, హడిల్ (ప్లేకి ముందు గుమికూడడం) లేకుండా వేగంగా, ఎక్కువగా పాసులే వేస్తారు. కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ ఒకప్పుడు అదే యూనివర్సిటీలో అదే పద్ధతిలో ఆడిన క్వార్టర్‌బ్యాక్. కాలేజీలో వేల గజాలు కొట్టి, 2003 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో పోయి, ప్రొఫెషనల్ లీగ్‌లో నిలవలేదు. అతని తరవాత గ్రాహం హ్యారెల్ అంతకంటే పెద్ద అంకెలు కొట్టాడు, అతన్ని ఎవరూ డ్రాఫ్టే చెయ్యలేదు. అంచేత టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ అనగానే స్కౌట్ల (ఆటగాళ్లని వెతికి అంచనా వేసేవాళ్ల) మనసులో ఒక ముద్ర పడిపోయింది: అంకెలన్నీ పద్ధతి పుణ్యమే, ఆటగాడిలో ఏమీ లేదు. దీనికి తోడు మహోమ్స్ స్టార్ట్ చేసిన 29 మ్యాచ్‌లలో టీమ్ గెలిచింది 13, ఓడింది 16. బిల్ పార్సెల్స్ అనే పేరున్న కోచ్ పేరు మీద చలామణీ అయ్యే ఒక పాత కొలబద్ద ఉంది. మూడేళ్లు స్టార్టర్ అయ్యుండాలి, చివరి సంవత్సరం విద్యార్థి అయ్యుండాలి, డిగ్రీ చేతిలో ఉండాలి, 23 మ్యాచ్‌లు గెలిచుండాలి. మహోమ్స్ దీన్ని ఏ వైపునుంచీ దాటలేడు.

2016 అక్టోబర్ 22న ఓక్లహోమా మీద అతను ఆడిన మ్యాచ్ ఈ వాదనకి రెండు వైపులా సాక్ష్యం ఇస్తుంది. 88 పాసులు విసిరాడు, 52 చేరాయి, 734 గజాలు. పరుగులతో కలిపి 819 గజాలు, కాలేజీ ఫుట్‌బాల్ పై శ్రేణిలో అంతకుముందు ఎవరూ చెయ్యనంత. మ్యాచ్ 66-59తో ఓడిపోయారు. అవతలి క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ కూడా 545 గజాలు, 7 టచ్‌డౌన్లు కొట్టాడు. అంకెలు మాత్రమే చూసేవాడు ఇక్కడ రెండు పక్కలా డిఫెన్స్ లేదని తేల్చి పక్కన పెట్టేస్తాడు. తప్పేం కాదు. అలాంటి మ్యాచ్‌లోని గజాలకి మా లెక్కల్లో కూడా విలువ బాగా తగ్గిస్తాం.

కానీ టేప్‌లో వెతకాల్సింది గజాలు కాదు.

టేప్‌లో ఏం ఉంది

మహోమ్స్ తప్పులు పట్టడానికి నిపుణుడు అక్కర్లేదు. పాకెట్ అంటే లైన్‌మెన్ కట్టిన రక్షణ గూడు. అది చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కూడా వదిలేసి పక్కకి పరిగెడతాడు. కాళ్లు ఒక దిక్కుకి, భుజం ఇంకో దిక్కుకి ఉండగా విసురుతాడు. దగ్గర్లో తేలికైన పాస్ ఖాళీగా ఉన్నా నలభై గజాల అవతలకి ఎత్తుతాడు. ఒక్కోసారి అది టచ్‌డౌన్, ఒక్కోసారి ఎదుటివాడి చేతికి.

ఇక్కడ స్కౌట్ వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న, ఈ తప్పు ఎందుకు పుట్టింది? టెక్సస్ టెక్ డిఫెన్స్ ఆ ఏడాది దేశంలోనే అతి బలహీనమైనవాటిలో ఒకటి. ముప్ఫై ఐదు పాయింట్లు కొట్టినా చాలదని క్వార్టర్‌బ్యాక్‌కి తెలుసు. అలాంటి టీమ్‌లో సురక్షితమైన పాస్ వేసి, బంతి ఇచ్చేసి, బెంచి మీద కూచోవడం గెలుపుకి దారి కాదు. అంటే అతని తెగింపులో కొంత స్వభావం, కొంత పరిస్థితి. రెండో ప్రశ్న, ఈ తప్పు మానిపించవచ్చా? కాళ్ల పని నేర్పవచ్చు. ప్రతి క్వార్టర్‌బ్యాక్ కోచ్ చేసే పనే అది. హడిల్‌లో ప్లే పేరు చెప్పడం, లైన్ రక్షణ సర్దడం కూడా నేర్పవచ్చు, టైమ్ పడుతుంది అంతే. మూడో ప్రశ్న, అతను చేసే మంచిలో ఏదైనా నేర్పలేనిది ఉందా?

ఉంది. తండ్రి ప్యాట్ మహోమ్స్ మేజర్ లీగ్ బేస్‌బాల్ పిచర్. కొడుకుని కూడా 2014లో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో 37వ రౌండ్‌లో ఎంచుకుంది. బేస్‌బాల్‌లో పరిగెడుతూ, పక్కకి వంగుతూ, ఏ కోణం దొరికితే ఆ కోణంలో గురిగా విసరాలి. అదే చెయ్యి ఫుట్‌బాల్ టేప్‌లో కనిపిస్తుంది. ఇంకా ముఖ్యమైనది కళ్లు. పరిగెత్తుతున్నప్పుడు చాలామంది కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ల చూపు మీదికొచ్చేవాళ్ల మీదికి దిగిపోతుంది. మహోమ్స్ చూపు దూరానే ఉంటుంది. ప్లే చెడిపోయాక కూడా రిసీవర్ ఎటు తిరుగుతాడో అతనికి తెలుస్తూనే ఉంటుంది. దీన్ని ఏ కోచ్ కూడా ఇరవై ఒక్కేళ్లవాడికి కొత్తగా నేర్పలేడు.

కాన్సాస్ సిటీలో దీన్ని మొదట చూసినవాడు బ్రెట్ వీచ్. అప్పటికి ఆటగాళ్ల విభాగంలో ఇద్దరు సహ డైరెక్టర్లలో ఒకడు. టెక్సస్ టెక్‌లో వేరే ఆటగాడి కోసం టేప్ చూస్తూ, బంతి విసురుతున్న కుర్రాడి దగ్గర ఆగిపోయాడు. మహోమ్స్ డ్రాఫ్ట్‌కి రావడానికి ఇంకా ఏడాదికి పైగా టైమ్ ఉంది. అక్కణ్నుంచి హెడ్ కోచ్ ఆండీ రీడ్‌కి క్లిప్పులు పంపుతూ వచ్చాడు. జనరల్ మేనేజర్ జాన్ డోర్సీ కూడా మెల్లగా అదే దారికి వచ్చాడు. స్కౌటింగ్ గదుల్లో ఇలాంటి పట్టుదల ప్రమాదకరం కూడా. ఒకడు ప్రేమలో పడితే మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. ఇక్కడ దాన్ని కాపాడినది నిర్ణయంలో రీడ్ మాటకి బరువుండడం. 1997, 98లో గ్రీన్ బే ప్యాకర్స్‌లో బ్రెట్ ఫావ్‌కి క్వార్టర్‌బ్యాక్ కోచ్‌గా పనిచేసినవాడు రీడ్. అడ్డదిడ్డంగా విసిరి మ్యాచ్ గెలిపించేవాణ్నీ, అదే పద్ధతిలో ఓడించేవాణ్నీ రోజూ దగ్గర్నుంచి చూశాడు. ఎంత సరిదిద్దాలో, ఎక్కడ వదిలెయ్యాలో అతనికి అనుభవం. అదే టేప్ క్రమశిక్షణ తప్ప ఇంకేదీ ఓర్వని కోచ్ దగ్గరికి వెళ్తే అతను సగంలోనే ఆపేసేవాడని నా అనుమానం.

డ్రాఫ్ట్ ముందు ఒక్కో టీమ్ 30 మంది వరకు అభ్యర్థుల్ని తన దగ్గరికి పిలిపించుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ వస్తే బోర్డు దగ్గర నిలబెట్టి కొన్ని ప్లేలు నేర్పుతారు. మధ్యలో భోజనమో, బిల్డింగ్ చూపించడమో, ఏదో ఒకటి. తిరిగొచ్చాక ఉన్నట్టుండి ఆ ప్లేలు గీయమంటారు. ఎయిర్ రెయిడ్ కుర్రాళ్ల మీద ఉన్న అసలు అనుమానం ఇదే కాబట్టి, మహోమ్స్ విషయంలో ఈ బోర్డు పరీక్ష కంబైన్‌లో పరుగుకంటే ఎక్కువ బరువు మోస్తుంది. 40 గజాలు 4.80 సెకన్లలో పరిగెత్తాడని ఎవడికి కావాలి?

ఇష్టపడినవాళ్లు చీఫ్స్ ఒక్కరే కాదు. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌ది 11వ పిక్. కోచ్ షాన్ పేటన్ తరవాత బాహాటంగానే చెప్పాడు, తమ వంతుదాకా ఉంటే మహోమ్స్‌నే తీసుకునేవాళ్లమని. అంటే పదో స్థానమే ఎందుకు కొన్నారో అర్థమవుతుంది. ఇంకొక్క అడుగు వెనక ఆగినా కథ వేరే ఊళ్లో నడిచేది. ఎదుటివాళ్ల అవసరాన్ని చదవడం ఈ వృత్తిలో టేప్ చదవడంకంటే తక్కువ పనేం కాదు.

ఆలెక్స్ స్మిత్ అనే సంవత్సరం

ఈ కేసులో జనం త్వరగా దాటేసే భాగం ఇది. నేను ఎక్కువసేపు ఆగేదీ ఇక్కడే.

2016లో చీఫ్స్ 12-4తో, అంటే 12 గెలుపులు, 4 ఓటములతో, సీజన్ ముగించి, ప్లేఆఫ్స్‌లో పిట్స్‌బర్గ్ చేతిలో 18-16తో ఓడారు. అంటే క్వార్టర్‌బ్యాక్ లేక కొట్టుకుంటున్న టీమ్ కాదు. ఆలెక్స్ స్మిత్ నమ్మకమైనవాడు, బంతి పోగొట్టడు. కానీ అతనితో ఒక మెట్టు దగ్గర ఆగిపోతున్నామని కోచ్‌లకి తెలుసు. ఇలాంటి టీమ్ క్వార్టర్‌బ్యాక్ కోసం రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఖర్చుపెట్టడం అరుదు. సాధారణంగా కొనేది 2-14తో కుప్పకూలిన టీమ్. అక్కడ కొత్తకుర్రాడు మొదటి ఆదివారమే మైదానంలోకి దిగాలి, అతని ముందు లైన్ ఉండదు, రిసీవర్లు ఉండరు, ఏడాది తిరగకుండా కోచ్ కూడా ఉండడు.

స్మిత్ స్వయంగా ఆ బాధ పడినవాడు. 2005 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లాడు. అక్కడ ఏడాదికొక అఫెన్స్ కోచ్ మారుతూ పోయాడు, మారినప్పుడల్లా కొత్త ప్లేబుక్. అదే డ్రాఫ్ట్‌లో 24వ పిక్‌గా జారిన ఆరన్ రాడ్జర్స్ గ్రీన్ బేలో మూడేళ్లు ఫావ్ వెనక కూర్చున్నాడు, ఆ తరవాత లీగ్‌లో పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడయ్యాడు. ఆ రోజుల్లో గ్రీన్ బేలో కాలేజీ స్కౌటింగ్ చూసింది జాన్ డోర్సీయే. కాబట్టి 2017లో కాన్సాస్ సిటీలో ఒకే బిల్డింగ్‌లో తొందరపెడితే ఏమవుతుందో అనుభవించినవాడు ఒకడు, ఆగితే ఏమవుతుందో చూసినవాడు ఇంకొకడు ఉన్నారు. ఇది ఏ స్కౌటింగ్ రిపోర్టులోనూ రాయని ఆస్తి.

స్మిత్ ఆ సీజన్ తన కెరీర్‌లోనే గొప్పగా ఆడాడు. 26 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లు, 104.7 పాసర్ రేటింగ్‌తో లీగ్‌లో మొదటివాడు. పక్కన తన ఉద్యోగం తీసుకోబోయేవాడు కూర్చుని ఉండగా. వారం మొత్తం టేప్ ఎలా చూడాలి, మ్యాచ్‌కి ఎలా సిద్ధపడాలి, ఈ దినచర్య అతని దగ్గరే నేర్చుకున్నానని మహోమ్స్ పలుమార్లు చెప్పాడు. సీజన్ అంతటికీ మహోమ్స్ ఆడింది ఒక్కటే మ్యాచ్. డిసెంబర్ 31న డెన్వర్‌లో, ప్లేఆఫ్స్ స్థానం అప్పటికే ఖాయమైన తరవాత. 27-24తో గెలిచారు. ప్లేఆఫ్స్‌లో స్మిత్ నడిపించిన టీమ్ 21-3 ఆధిక్యం పోగొట్టుకుని టెన్నెసీ చేతిలో 22-21తో ఓడింది. కొన్ని వారాల్లో స్మిత్‌ని వాషింగ్టన్‌కి ట్రేడ్ చేశారు. మరుసటి సీజన్ మహోమ్స్ 5,097 గజాలు, 50 టచ్‌డౌన్లు, ఎంవీపీ.

ఇంత చెప్పాక, బెంచి మీద కూర్చోబెట్టడమే మంత్రం అని రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. వాట్సన్‌ని 12వ పిక్‌తో తీసుకున్న హ్యూస్టన్ అతన్ని మొదటి మ్యాచ్ మధ్యలోనే దింపింది. మోకాలు దెబ్బతినేలోపు ఏడు మ్యాచ్‌లలో 19 టచ్‌డౌన్లు కొట్టాడు. ఒకడికి ఏడాది కావాలి, ఒకడికి అక్కర్లేదు. ఎవరికి ఏది కావాలో చెప్పగలగాలంటే వాడి తప్పుల జాబితా చేతిలో ఉండాలి.

చికాగో

అదే రాత్రి, చీఫ్స్ కంటే ముందే, చికాగో బేర్స్ మూడో స్థానంనుంచి రెండో స్థానానికి జరిగారు. ఆ ఒక్క మెట్టుకి శాన్ ఫ్రాన్సిస్కోకి తమ మూడో పిక్, మూడో రౌండ్ పిక్, నాలుగో రౌండ్ పిక్, మరుసటి ఏడాది మూడో రౌండ్ పిక్ ఇచ్చారు. ట్రుబిస్కీని తీసుకున్నారు. నెల ముందే మైక్ గ్లెనన్ అనే క్వార్టర్‌బ్యాక్‌కి మూడేళ్లకి 4.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చి ఉన్నారు. అంటే ఒకే వసంతంలో ఒకే కుర్చీకి రెండుసార్లు డబ్బు కట్టారు.

దీన్ని తెలివితక్కువతనంగా కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. 13 మ్యాచ్‌ల టేప్ చూస్తే ట్రుబిస్కీ నిజంగానే బాగున్నాడు. సమస్య ఆ 13 అన్న అంకెలోనే ఉంది. 13 మ్యాచ్‌లలో ఒక క్వార్టర్‌బ్యాక్ ఎదుర్కొనే చిక్కులన్నీ రావు. కొత్త రకం డిఫెన్స్ చూపించి తికమకపెడితే ఏం చేస్తాడు? ఒక ఏడాది టేప్ చూసి అందరూ అతన్ని చదివేశాక, రెండో ఏడాది దానికి తను జవాబు కనుక్కుంటాడా? కాలేజీలో రెండో ఏడాదే లేదు. టేప్‌లో తప్పులు తక్కువగా ఉంటే మేం రెండు విధాలుగా చదవాలి: తప్పులు చెయ్యడు అని, లేదా తప్పులు చేసే పరిస్థితి ఇంకా రాలేదు అని. మహోమ్స్ 29 మ్యాచ్‌లలో చెయ్యగలిగిన తప్పులన్నీ చేసి చూపించేశాడు. కొనేవాడికి అదో భరోసా.

2018లో చికాగో 12-4తో మెరిసింది, ట్రుబిస్కీ ప్రో బౌల్‌కి (ఆ ఏటి మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి) కూడా వెళ్లాడు. 2019లో డిఫెన్స్‌లు అతన్ని చదివేశాయి. 2020లో అతని కాంట్రాక్టుని అయిదో ఏడాదికి పొడిగించుకునే ఆప్షన్‌ని టీమ్ వదులుకుంది. 2021లో అతను బఫెలోకి రిజర్వు క్వార్టర్‌బ్యాక్‌గా వెళ్లిపోయాడు.

ఈ కేసు ఎక్కడిదాకా పనికొస్తుంది

ఒక్క కేసునుంచి సూత్రం తియ్యకూడదని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న, మిగతా డ్రాఫ్ట్‌లు ఏం చెబుతున్నాయి? 2021 చూడండి. మొదటి రౌండ్‌లో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. 2024 సీజన్ మొదలయ్యేసరికి తనని ఎంచుకున్న టీమ్‌లో మిగిలింది ట్రెవర్ లారెన్స్ ఒక్కడే. ఆ అయిదుగురిలో ట్రే లాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చింది. చిన్న యూనివర్సిటీ, ట్రుబిస్కీ లాగే ఒక్క పూర్తి సీజన్. అతను నిలవలేదు. అదే టీమ్ 2022లో 262వ పిక్‌తో, అంటే డ్రాఫ్ట్‌లో ఆఖరి పేరుగా, బ్రాక్ పర్డీని తీసుకుంది. నాలుగేళ్లు కాలేజీలో ఆడి, మంచీ చెడ్డా అన్నీ టేప్‌లో వదిలిన కుర్రాడు. రెండో ఏడాదే టీమ్‌ని సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ఓడించింది మహోమ్స్, 25-22.

ఇది నా వాదనకి బాగా కుదిరింది కాబట్టి కుదరనిది కూడా చెప్పాలి. జోష్ ఆలెన్. 2018లో బఫెలో అతన్ని ఏడో పిక్‌తో తీసుకుంది. వయోమింగ్ యూనివర్సిటీలో అతని పాసులు చేరింది 56 శాతం. గురి నేర్పలేమన్నది మా వృత్తిలో చాలాకాలం నడిచిన మాట. నా లెక్కలో కూడా గురి నేర్పలేనివాటి వైపే ఉండేది. మొదటి ఏడాది అతను 52.8 శాతంతో ఆ మాట నిజమనిపించాడు. 2020 వచ్చేసరికి 69.2. కాళ్ల పని మార్చుకున్నాడు, మంచి రిసీవర్ దొరికాడు, అఫెన్స్ కోచ్ మారకుండా నిలబడ్డాడు. 2024లో ఎంవీపీ. ఏది నేర్పగలం, ఏది నేర్పలేం అన్న గీత ఎక్కడ గీయాలో ఆలెన్ తరవాత కొంచెం జరిపాం. అయితే చాలా టీములు ఇప్పుడు దాన్ని మరీ జరిపేసి, పొడవూ చెయ్యీ ఉన్న ప్రతివాడిలోనూ ఆలెన్‌నే చూస్తున్నాయి. అది ఇంకో జబ్బు.

పరీక్షల సంగతి క్లుప్తంగా. వండర్‌లిక్ అనే పాత మేధా పరీక్షని కంబైన్ నుంచి 2022లో తీసేశారు. ఇప్పుడు ఎస్2 అనే కంప్యూటర్ పరీక్ష వచ్చింది, చూసిన దానికి మెదడు ఎంత త్వరగా స్పందిస్తుందో కొలుస్తుందంటారు. 2023లో సీజే స్ట్రౌడ్ స్కోరు తక్కువని డ్రాఫ్ట్ ముందు బయటికి పొక్కింది, నానా గొడవ. రెండో పిక్‌గా హ్యూస్టన్‌కి వెళ్లి ఆ ఏడాది ఉత్తమ కొత్త అఫెన్స్ ఆటగాడయ్యాడు. స్కోరు చూడొద్దనను. 29 మ్యాచ్‌ల టేప్‌ని ఒక మధ్యాహ్నపు పరీక్షతో కొట్టెయ్యొద్దంటాను.

మరి బఫెలో పదో పిక్ అమ్మి తప్పు చేసిందా? చీఫ్స్ ఇచ్చిన 27వ పిక్‌తో ట్రెడేవియస్ వైట్ అనే మంచి కార్నర్‌బ్యాక్ (రిసీవర్లని కాపు కాసే డిఫెన్స్ ఆటగాడు) దొరికాడు. మరుసటి ఏడాది పిక్‌ని ఇంకో ట్రేడ్‌లో కలిపి ట్రెమేన్ ఎడ్మండ్స్‌ని తెచ్చుకున్నారు. ఆ డిఫెన్స్ చాలాకాలం నిలబడింది. పిక్‌ల విలువ చెప్పే ట్రేడ్ లెక్కల పట్టిక ప్రకారం నష్టపోలేదు. ప్లేఆఫ్స్ లెక్క వేరు. 2021 జనవరిలో 38-24, 2022 జనవరిలో 42-36, 2024లో 27-24, 2025లో 32-29. నాలుగుసార్లూ బఫెలోని ఇంటికి పంపింది చీఫ్సే. ట్రేడ్ పట్టికలో ఇలాంటి గడి ఉండదు.

ఈ కేసు వల్ల నా రిపోర్టులో మారింది ఒకటుంది. మొదటి పేజీలో ఇదివరకు బలాలు, తరవాత లోపాలు ఉండేవి. ఇప్పుడు లోపాలు ముందు వస్తాయి, ఒక్కోదాని పక్కన మూడు గడులు. ఎందుకు పుట్టింది, మానడానికి ఎంత టైమ్, మన కోచ్‌లలో దాన్ని ఇదివరకు మాన్పించినవాడు ఎవరైనా ఉన్నాడా. ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఆ ఆటగాడి ర్యాంకు మా జాబితాలో పడిపోతుంది, పక్క టీమ్ జాబితాలో అతను మొదటివాడైనా సరే. అందుకే ఒకే క్వార్టర్‌బ్యాక్‌కి ముప్ఫై రెండు టీములు ముప్ఫై రెండు ధరలు కట్టడంలో వింతేమీ లేదు.

మూడో గడి కూడా అన్నిటికీ జవాబు కాదు. మహోమ్స్ బెంచి మీదున్న ఏడాది కాన్సాస్ సిటీలో అఫెన్స్ కోఆర్డినేటర్ మ్యాట్ నాగీ. 2018 జనవరిలో అతన్ని చికాగో హెడ్ కోచ్‌గా తీసుకెళ్లింది, ట్రుబిస్కీని తీర్చిదిద్దమని. రీడ్ స్కూల్ ప్లేబుక్, మహోమ్స్‌తో ఏడాది పనిచేసిన కోచ్, మంచి డిఫెన్స్, అన్నీ కుదిరాయి. నాలుగు సీజన్ల తరవాత చికాగో అతన్ని తీసేసింది. 2022లో నాగీ క్వార్టర్‌బ్యాక్ కోచ్‌గా కాన్సాస్ సిటీకి తిరిగొచ్చాడు. ఆ సీజన్‌లో మహోమ్స్‌కి రెండో ఎంవీపీ వచ్చింది.